గట్టు దాటేంత వేడి

హైదరాబాద్,
జూలై 14.

వనజా,

నేను ఫరహాని. చేతిరాత చూసి గుర్తుపట్టే ఉంటావు. హాస్టల్లో ఐదేళ్లు నీ రికార్డులు నేను, నావి నువ్వు రాసుకున్నవాళ్లమే కదా. నీ నంబరుకు ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్ అని వస్తోంది. మొన్న మన హాస్టల్ పుష్పలత ఏదో ఆఫీసు పని మీద ఇక్కడికి వచ్చి కలిసింది. తను భద్రాచలం ఐటీడీఏలో చేస్తోందట. నువ్వు తునికిబండ ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెప్తున్నావనీ, అక్కడ సిగ్నల్ ఉండదనీ, ఉత్తరమైతే చేరుతుందనీ చెప్పి అడ్రసు రాసిచ్చింది.

మీ గోపాలన్న పోయి పదహారు నెలలైంది. నేను ఇక్కడి నుంచి తిరిగి వచ్చేసరికే మట్టి చేసేశారు. ముదిగొండ దాకా వచ్చాను. మీ అమ్మ, ముత్తక్క పెద్దమ్మ, వాకిట్లో కూర్చుని ఉంది. నువ్వు లోపలే ఉన్నావని తెలుసు. కాసేపు నిలబడి, నువ్వు బయటికి రాకపోతే వెళ్లిపోయాను. లోపలికి రావాల్సింది. వచ్చే ధైర్యం లేకపోయింది.

ఎందుకు లేదో నీకు తెలుసు. గోపాలన్న పనిచేసిన కోల్డ్ స్టోరేజీలో మెషిన్ రూముకు పెద్ద మెకానిక్ మా అబ్బాజాన్. అమోనియా లీకైన మధ్యాహ్నం అక్కడ ఉండాల్సిన మనిషి లేడు. ఆయన మీద కేసు ఇంకా నడుస్తూనే ఉంది. ఆయన ఇప్పుడు ఎక్కడా పని చేయడం లేదు. పొద్దున్నే లేచి, స్నానం చేసి, డ్యూటీకి పోయేవాడిలా షర్టు వేసుకుని వరండాలో కుర్చీలో కూర్చుంటాడు. సాయంత్రం ఆరు కాగానే షర్టు విప్పి దండెం మీద వేస్తాడు. అన్నం తిన్నావా అంటే తిన్నానంటాడు. అంతకుమించి మాట లేదు.

నేను బాగానే ఉన్నాను. ల్యాబు, హాస్టలు, ల్యాబు. నువ్వు జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. నా మీద కోపం ఉంటే అదైనా రాయి.

ఫరహా


తునికిబండ, దుమ్ముగూడెం మండలం,
ఆగస్టు 6.

ఫరహా,

ఉత్తరం ఆలస్యంగా అందింది. గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాకా వచ్చి, రోడ్డు మునిగి, పది రోజులు బస్సు నడవలేదు. పోస్టు సంచి భద్రాచలంలోనే ఉండిపోయింది. కూరగాయలు కూడా రాలేదు. వంట చేసే జంపక్క అడవిలోంచి ఏవో ఆకులు తెచ్చి పప్పులో వేసేది. పిల్లలు ఏమీ అనలేదు, తిన్నారు. నేనూ తిన్నాను.

నంబరు మారలేదు. ఫోన్ ట్రంకు పెట్టె అడుగున ఉంది. ఛార్జింగు పెట్టలేదు.

కోపం సంగతి అడిగావు. కోపం లేదు. అన్న పోయినప్పుడు కూడా నేను ఏడవలేదు. ఏడుస్తున్నవాళ్లను చూస్తూ కూర్చున్నాను. ఇప్పటికీ అంతే. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. చెయ్యి తగిలితే తగిలిందని తెలుస్తుంది, నొప్పి తెలియదు. మొదట్లో ఇదే మంచిదనుకున్నాను. పొద్దున బెల్లు కొట్టగానే లేవగలుగుతున్నాను. పాఠాలు ఆగలేదు. హాజరు పట్టీలో తప్పులు లేవు.

అమ్మ ముదిగొండలోనే ఉంది. కూలికి పోతోంది.

నువ్వు అక్కడ ఏం చేస్తున్నావో రాయి. తొమ్మిదో తరగతికి అర్థమయ్యేట్టు రాయి. వాళ్లకు పుస్తకంలో లేనిది ఏదైనా చెప్పాలని ఉంటుంది. నా దగ్గర కొత్తది ఏదీ లేదు.

వనజ


హైదరాబాద్,
ఆగస్టు 25.

వనజా,

నువ్వు జవాబు రాశావు. అది చాలు.

తొమ్మిదో తరగతికి చెప్పినట్టే రాస్తాను. ఉప్పు పలుకులో అణువులు కవాతులో నిలబడ్డ పోలీసుల్లా వరుసగా ఉంటాయి. గాజులో వరుస ఉండదు. జాతర అయిపోయాక బస్సు కోసం తోసుకునే జనం ఎక్కడివాళ్లక్కడ గడ్డకట్టిపోతే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. ఒకడికి ఇటు ఇద్దరు, ఇంకొకడికి ఐదుగురు. కిటికీకి పెట్టే గాజే కాదు, వరుస లేకుండా గట్టిపడ్డది ఏదైనా మా లెక్కలో గాజే. మేం ఆల్కహాల్‌లో చిటికెడు రంగు కలిపి గభాలున చల్లబరుస్తాం. అదీ గాజు అవుతుంది. మీ అన్నవాళ్లు మిర్చి బస్తాలు పెట్టే గది ఐదారు డిగ్రీలుండేది. మాది సున్నాకు రెండు వందల అరవై తొమ్మిది డిగ్రీలు కింద. ద్రవ హీలియంలో ఉంటుంది.

అందులో రంగు అణువులన్నీ ఒకటే రకం. కానీ దేని ఇరుగుపొరుగు దానిది కాబట్టి, ఒక్కొక్కటి కాస్త తేడా ఉన్న ఎరుపును మింగుతుంది. అన్నింటినీ కలిపి గ్రాఫు గీస్తే వెడల్పాటి గుట్టలా వస్తుంది. ఇప్పుడు ఒకే ఒక్క ఎరుపు ఉన్న లేజరు వేస్తాం. ఆ ఎరుపు ఎవరిదో వాళ్లే దాన్ని మింగుతారు. మింగిన శక్తికి వాళ్ల చుట్టుపక్కలది కొద్దిగా జరుగుతుంది. జరిగాక ఆ అణువు రంగు మారిపోతుంది, ఆ ఎరుపును ఇక ముట్టదు. మళ్లీ గ్రాఫు గీస్తే గుట్ట మీద సరిగ్గా అక్కడ సన్నటి గుంట కనిపిస్తుంది. వెలుగుతో కాల్చిన గుంట. మేం స్పెక్ట్రల్ హోల్ బర్నింగ్ అంటాం.

చలిలో ఉంచినంతకాలం ఆ గుంట పూడదు. రెండు మడులు, మధ్య గట్టు అని చెప్పు పిల్లలకు. వెలుగు తోస్తే ఈ మడిలోంచి ఆ మడిలోకి పోయింది. తిరిగి రావాలంటే గట్టెక్కాలి. అంత చలిలో దానికి ఆ సత్తువ లేదు. కొద్దిగా వేడి చేస్తే, ఎత్తు తక్కువ గట్లున్నవి తిరిగి వస్తాయి, గుంట కొంత పూడుతుంది. ఇంకాస్త వేడికి ఇంకొన్ని వస్తాయి. ప్రతిసారీ వేడి చేసి, మళ్లీ మొదటి చలికి తెచ్చి, గుంట ఎంత మిగిలిందో కొలుస్తాం. దాన్నిబట్టి ఆ గాజులో ఏ ఎత్తు గట్లు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. కొన్నయితే గట్టు ఎక్కకుండానే, ఎండ్రకాయ బొక్కలోంచి నీళ్లు జారినట్టు చలిలోనే అవతలికి జారుకుంటాయి. అందుకని రోజులు గడిచేకొద్దీ గుంట అంచులు కొంచెం విచ్చుకుంటాయి. నేను చేసే పని ఈ గట్లు కొలవడమే.

ఇంకొక మాట రాయాలి. ఇది క్లాసులో చెప్పేది కాదు.

ఆ రోజు నేను ఇక్కడ చేరడానికి బయల్దేరాను. రెండు సూట్‌కేసులు. ఆటో పెట్టుకుని ఒక్కదాన్నే పోగలను. అయినా అబ్బాజాన్‌కు ఫోన్ చేసి బస్సెక్కించడానికి రమ్మన్నాను. "ఆయిల్ తీసే పనుంది బేటా, అది అయినంక వస్తె నడవదా" అన్నాడు. బస్సు రెండుంబావుకే అని పట్టుబట్టాను. మెషిన్‌లో చేరిన ఆయిల్ తీసేటప్పుడు ఇద్దరుండాలి, ఒకరి చెయ్యి వాల్వు మీద, ఇంకొకరు తలుపు దగ్గర. అది ఆయన పెట్టిన నియమమే. వచ్చాడు. కిటికీలోంచి నాకు అరటిపళ్లు అందించాడు. బస్సు కదులుతుంటే ఆయన ఫోన్ మోగడం చూశాను.

ఈ మాట ఎవరూ నన్ను అడగలేదు. నీకు చెప్పాలనిపించింది. నేను పిలవకపోతే ఆయన అక్కడే ఉండేవాడు.

ఫరహా


తునికిబండ,
సెప్టెంబరు 22.

ఫరహా,

నీ గట్ల పాఠం చెప్పాను. బోర్డు మీద కాదు, బడి వెనక పొలానికి తీసుకెళ్లాను. నాట్లు వేసి ఉన్నాయి. గట్ల మీద నిలబెట్టి చెప్పాను. కోయ పిల్లలకు నీళ్లు ఏ గట్టు మీదుగా ఎప్పుడు పొర్లుతాయో నాకంటే బాగా తెలుసు. అన్ని గట్లూ ఒకే ఎత్తు ఉండవనేది వాళ్లకు వింతగా అనిపించలేదు. ఉప్పు పలుకులో ఒకే ఎత్తు ఉంటాయంటేనే నమ్మలేదు.

ఆకు కోసుకుంటూ జంపక్క కూడా విన్నది. సాయంత్రం గిన్నెలు తోముతూ అడిగింది.

"అట్ల సల్లగనే ఉంచితె, ఎన్నేండ్లయినా ఆ గుంట పూడదా టీచరమ్మా?"

పూడదన్నాను.

"మరి దాన్ని ఎచ్చజేసుడెందుకు? దాని మానాన దాన్ని ఉండనియ్యక."

గట్టు ఎత్తెంతో తెలియాలంటే వేడి చేయాల్సిందే అన్నాను. తెలుసుకుని ఏం చేస్తరని అడిగింది. నిన్ను అడిగి చెప్తానన్నాను.

నువ్వు చివర రాసింది చదివాను. దాని గురించి ఇప్పుడు రాయలేను. ఆ అరటిపళ్ల మాట రాయకుండా ఉంటే బాగుండేది.

వానలు తగ్గాయి. పిల్లలకు జ్వరాలు. రెండు రోజులకొకసారి నర్సు వచ్చి రక్తం చుక్క తీసుకుపోతోంది.

వనజ


హైదరాబాద్,
అక్టోబరు 19.

వనజా,

జంపక్క ప్రశ్నను మా గైడు ప్రభాకర్ సార్ ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. గాజు ఎందుకు గాజులాగే ఉండిపోతుందో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదని, తెలిస్తే ఏం చేస్తామో అప్పుడు తెలుస్తుందని అన్నాడు. జంపక్కకు ఈ జవాబు నచ్చదు. నాకూ నచ్చలేదు. ఉన్నది మాత్రం ఇదే.

ఇరవై ఏడో తేదీ నుంచి నా రన్, అంటే ల్యాబులో నా వంతు ప్రయోగం, మొదలవుతుంది. పదకొండు రోజులు. గుంట కాల్చి, మూడు రోజులు కదిలించకుండా ఉంచి, తర్వాత మెట్టు మెట్టుగా వేడి చేస్తూ పోవాలి. ఈ మధ్యలో ఆపకూడదు. ఆపితే మళ్లీ నా వంతు మార్చిలో గానీ రాదు.

నవంబరు ఆరున అబ్బాజాన్ కేసు వాయిదా. సాక్షుల విచారణ ఆ రోజే. వకీలు అమ్మీకి సాక్షుల పట్టీ చూపించాడట. అందులో మూడో పేరు నీది. సమన్లు సెప్టెంబరులోనే పంపారట. నువ్వు నాకు రాయలేదు.

ఏం చెప్పమనీ నేను అడగడం లేదు. జరిగింది చెప్పు, చాలు. ఆయన అక్కడ లేడన్నది నిజమే. ఆ నిజం చెప్పడానికి నువ్వు నా కోసం సంకోచించవద్దు.

నేను కోర్టుకు రావడం లేదు. రన్ ఉందని అమ్మీకి చెప్పాను. అసలు సంగతేమిటంటే, ఆయన బోనులో నిలబడి ఉండగా నేను చూడలేను. ఇక్కడ కూర్చుంటే గ్రాఫు ఒక్కటే చూస్తే సరిపోతుంది. నువ్వు దవడ గురించి రాశావే, అది చదివినప్పుడు ఇది నాకొక్కదానికే కాదన్నమాట అనుకున్నాను.

ఫరహా


తునికిబండ,
అక్టోబరు 28.

ఫరహా,

సమన్లు సెప్టెంబరు పదో తేదీనే వచ్చాయి. దుమ్ముగూడెం నుంచి కానిస్టేబుల్ బండి మీద వచ్చి ఇచ్చిపోయాడు. నీకు పొలం గట్ల సంగతి రాసిన రోజు ఆ కాగితం నా టేబుల్ మీదే ఉంది.

ఇప్పుడు రాసేది అమ్మకు కూడా తెలియదు.

ఆ రోజు ఒంటిగంటా నలభైకి అన్న నాకు ఫోన్ చేశాడు. నేను ముదిగొండలో ఉన్నాను. మర్నాడు పొద్దున ఇక్కడ చేరాలి. సాయంత్రం అన్న డ్యూటీ దిగి వచ్చి, నా ట్రంకు పెట్టె పట్టుకుని భద్రాచలం దాకా తోడు రావాలని అనుకున్నాం. అన్న అన్న మాటలు మాటకు మాట గుర్తున్నాయి.

"సత్తార్ భాయ్ ఫరహాను బస్సెక్కియ్యనీకి పోయిండు. మూడింటికి వస్తడు. నేనొచ్చేదాక ఆయిల్ వాల్వు ముట్టొద్దని రెండుసార్లు చెప్పి పోయిండు. ఈడ మేనేజరేమో లారీలొస్తున్నయి, ఇప్పుడే తియ్యి అని నెత్తి మీద కూసున్నడు. ఏంజెయ్యాల్నో సమజైతలేదు. నేను సాయంత్రం లేటయితనేమో."

నేనేమన్నానో కూడా గుర్తుంది.

"లేటయితె బస్సు పోతది. నీకు చేతగాని పనా అది? జల్దీ జేసి రా."

అన్న నవ్వాడు. సరే తియ్ అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

అర్ధగంటలో అయిపోయింది. తిప్పిన వాల్వు తిరిగి మూసుకోలేదట. ఒక్కడే ఉన్నాడు. దవాఖానాలో ఆ మూడు రోజులూ అన్నకు తెలివి రాలేదు.

రెండో రోజు పోలీసులు వచ్చి, మీ అన్న నీతో ఏమైనా చెప్పాడా అని అడిగారు. ఏమీ చెప్పలేదన్నాను. సత్తార్ చాచా ముట్టొద్దన్నాడని చెప్తే, మరి మీ అన్న ఎందుకు ముట్టాడంటారు. తప్పు అన్నదే అంటారు. ఎందుకు ముట్టాడో చెప్పాలంటే నా మాట చెప్పాలి. పక్కనే మేనేజరు నిలబడి, సత్తార్ డ్యూటీ వదిలి పోవడం వల్లే ఇదంతా అన్నాడు. నేను తలూపాను. దాన్ని కాగితం మీద రాసుకున్నారు. తర్వాత ఒక్కో రోజు గడిచేకొద్దీ ఆ కాగితాన్ని కదిలించడం ఇంకా కష్టమైపోయింది. ఫోన్ పెట్టె అడుగున ఎందుకు ఉందో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. అందులో చివరి కాల్ అదే.

నీ ఆగస్టు ఉత్తరం చదివినప్పుడే నేనిది రాయాల్సింది. నువ్వు పిలవడం వల్లే జరిగిందనుకుంటున్నావు. చాచా చెప్పాల్సింది చెప్పే వచ్చాడని నాకు తెలుసు. తెలిసీ రెండు నెలలు నిన్ను అట్లాగే అనుకోనిచ్చాను. ఇరవై నెలలుగా ఆయన్ను కూడా.

ఆరో తేదీన అంతా చెప్తానని రాయాలని కూర్చున్నాను. చెప్తానో లేదో నాకే తెలియడం లేదు. అందుకని రాయడం లేదు.

వనజ


హైదరాబాద్,
నవంబరు 3.

వనజా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం ల్యాబుకు వచ్చింది. హీటరు ఆన్ చేసి, ఇరవై డిగ్రీల మెట్టు దగ్గర ఆపాల్సిన సమయంలో విప్పాను. కెల్విన్ డిగ్రీలు, చాలా చలే. చదువుతూ కూర్చున్నాను. తలెత్తి చూసేసరికి నలభై ఐదు దాటింది. గుంట దాదాపు పూడిపోయింది. రన్ పోయింది.

మెషిన్‌కు మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాను. అయినా నేను అక్కడ లేను.

అబ్బాజాన్‌కు ఫోన్ చేసి ఒక్కటే అడిగాను, ముట్టొద్దని గోపాలన్నకు చెప్పారా అని. "చెప్పిన" అన్నాడు. మరి వకీలుకు ఎందుకు చెప్పలేదన్నాను. "సచ్చిపోయినోని మీద ఎట్ల చెప్త బేటా" అన్నాడు.

నీ ఉత్తరం రెండోసారి చదవలేదు. నిన్ను ఏమనాలో తెలియడం లేదు. ఏమీ అనిపించడం లేదు.

ఫరహా


తునికిబండ,
నవంబరు 14.

ఫరహా,

నీ ఉత్తరం నేను ఖమ్మం నుంచి తిరిగి వచ్చాక అందింది. చాచా ఆ మాట ఎందుకు దాచుకున్నాడో తెలియకుండానే కోర్టుకు వెళ్లాను. తెలిసి ఉంటే నోరు పెగిలేదో లేదో.

ఐదో తేదీ సాయంత్రం ఫోన్ తీసి ఛార్జింగు పెట్టాను. పొద్దున మొదటి బస్సుకు బయల్దేరాను. కోర్టులో మధ్యాహ్నం దాకా పిలవలేదు. చాచా గోడ పక్కన నిలబడి ఉన్నాడు. చాలా చిక్కిపోయాడు. నా వైపు చూడలేదు.

పిలిచాక, సర్కారు వకీలు పాత వాంగ్మూలం చదివి, ఇదేనా అని అడిగాడు. కాదన్నాను. అన్న ఫోన్‌లో అన్నది చెప్పాను. మేనేజరు మాట చెప్పాను. నేనన్నది కూడా చెప్పాను. చదివినట్టు చెప్పాను, గొంతు కూడా మారలేదు. వకీలు కోపంగా, ఈ సాక్షి ఎదురు తిరిగిందని జడ్జి గారికి చెప్పాడు. సత్తార్ తరఫువాళ్లు నిన్ను ఎప్పుడు కలిశారని నన్ను అడిగాడు. కలవలేదు, ఆయన కూతురు ఉత్తరాలు రాసింది అన్నాను. ఎక్కడున్నాయన్నాడు. సంచిలోనే ఉన్నాయి. ఇచ్చేశాను. నన్ను క్షమించు, నిన్ను అడగకుండా ఇచ్చాను.

జడ్జి గారు అన్నీ చదివింది. గాజు, గుంట, గట్లు అని రాశారు, ఇదేమిటమ్మా అని అడిగింది. ఆమె చేసే పరిశోధన అన్నాను. కాసేపు ఆ కాగితమే చూసి పక్కన పెట్టింది. "జరిగింది చెప్పు, చాలు" అని నువ్వు రాసింది మాత్రం పైకి చదివి రాయించింది. ఫోన్ తీసుకున్నారు. ఆ రోజు కాల్ జాబితా కంపెనీ నుంచి తెప్పిస్తారట. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగింది. చెప్తే నా మాట కూడా బయటికి వస్తుందని అన్నాను.

బయట మెట్ల దగ్గర చాచా నా దగ్గరికి వచ్చాడు. ఏమంటాడోనని నిలబడ్డాను.

"ఫోన్ల నవ్విండంటివి. నిజంగ నవ్విండా?"

"నవ్విండు చాచా."

తలూపి వెళ్లిపోయాడు.

ముదిగొండ వెళ్లి అమ్మకు చెప్పాను. అప్పుడే పత్తి ఏరి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. కూర్చుని మొత్తం విన్నది. లేచి కోళ్లకు నూకలు చల్లింది. అన్నం వండింది. నాకు పెట్టింది. పొద్దున నేను బస్సెక్కేటప్పుడు వాకిట్లోకి రాలేదు.

ఇదంతా చెప్తే ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. వచ్చి మళ్లీ క్లాసులోకి వెళ్లాను.

వనజ


ఖమ్మం,
జనవరి 29.

వనజా,

దాదాపు మూడు నెలలు నీకు రాయలేదు. వరుసగా చెప్తాను.

రన్ పోయిందని ప్రభాకర్ సార్‌తో చెప్పినప్పుడు, లాగ్‌బుక్‌లో ఏం రాశావని అడిగాడు. ఇంకా రాయలేదన్నాను. ఉత్తరం చదువుతూ చూసుకోలేదని రాయి, దాచకు అన్నాడు. అట్లాగే రాశాను. తర్వాత మళ్లీ చల్లబరిచి కొలిస్తే, అంత వేడికి కూడా గుంటలో కాస్త మిగిలే ఉంది. కొన్ని గట్లు మేం అనుకున్నదానికంటే చాలా ఎత్తు. పొరపాటున దొరికిందని రాసి, ఆ కొలతను కూడా ఉంచుకోమన్నాడు సార్. మార్చిలో మళ్లీ మొదటి నుంచి చేయాలి.

డిసెంబరులో ఒకరోజు క్యాంటీన్‌లో ఉప్మా తింటున్నాను. ఉన్నట్టుండి నీ మీద కోపం వచ్చింది. ప్లేటు అక్కడే వదిలేసి బయటికి వెళ్లి చెట్టు కింద నిలబడ్డాను. ఇరవై నెలలు అబ్బాజాన్ షర్టు వేసుకుని ఆ కుర్చీలో కూర్చున్నాడు, నువ్వు హాజరు పట్టీలో తప్పులు లేకుండా చూసుకున్నావు. ఆ కోపం పోయిందని రాయలేను. ఇంకా ఉంది. కానీ ఈ రెండేళ్లలో నాకు ఏదైనా అనిపించడం అదే మొదటిసారి.

మొన్న ఇరవై రెండున తీర్పు వచ్చింది. అబ్బాజాన్‌ను వదిలేశారు. ఈసారి నేను కోర్టులోనే ఉన్నాను. మేనేజరుకు ఏమీ కాలేదు. అతను వేరే ఊళ్లో వేరే కోల్డ్ స్టోరేజీలో చేస్తున్నాడట. అబ్బాజాన్ ఇంటికి వచ్చి మంచినీళ్లు తాగి, "ముదిగొండ పోవాలె" అన్నాడు. ఆరు రోజులకు, అంటే నిన్న, పోయాం.

పెద్దమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టింది. మంచం వాల్చింది. అబ్బాజాన్ కూర్చోలేదు. తను ఆ రోజు పోకుండా ఉండాల్సిందని చెప్పడానికి వచ్చానన్నాడు. పెద్దమ్మ ఆయన చేతుల వైపు చూసి అడిగింది.

"మావోడు పని మంచిగ జేసేటోడా, సత్తార్ భాయ్?"

ఆయన అప్పుడు కూర్చున్నాడు. వనజా, రెండేళ్లుగా నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషి గంటసేపు మాట్లాడాడు. గోపాలన్న పైపు మీద అరచెయ్యి పెట్టి లోపల ఎంత మంచు పట్టిందో చెప్పేవాడట. మెషిన్ చప్పుడు విని, బేరింగు పోబోతోందని రెండు రోజుల ముందే పసిగట్టేవాడట. ఇంగ్లీషు రాకున్నా మీటర్ల మీద అక్షరాలన్నీ తనంతట తనే నేర్చుకున్నాడట. రీడింగు ఎన్నడూ చూడకుండా రాయలేదట. పదిహేనేళ్లలో తన దగ్గర నేర్చుకున్నవాళ్లలో అంత చెవి ఉన్నవాడు ఇంకొకడు లేడన్నాడు. టీ చల్లారిపోయింది, ఎవరమూ తాగలేదు. చివర ఇంకొకటి చెప్పాడు.

"ఆ దినం గూడ వాడు సరిగ్గనే తిప్పిండు. వాల్వు పాతది. మార్చుండ్రని అప్పటికే రెండేండ్ల సంది అడుగుతున్న. వాని చేతిల తప్పు లేదక్కా."

పెద్దమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఈ మాట ఇప్పటిదాకా తనకు ఎవరూ చెప్పలేదంది.

మేం లేస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఏమందో అన్నట్టే రాస్తున్నాను.

"చెల్లె జల్దీ రా అంటె ఏ అన్న రాకుంటడు? నేను గూడ అనేదాన్నే. దానికి రాయి బిడ్డా, ఇంటికి రమ్మని. నాకు రాసుడు రాదు."

రాశాను.

ఫరహా